బొట్టు కింద ఎర్ర లైటు

ఇరవై రెండేళ్లుగా ఎక్స్‌రే సెంటర్లో పనిచేస్తున్న శ్యామలకు యంత్రాలకన్నా వాటికి జరిగే మర్యాదలే ఎక్కువ విసుగు. దసరా నాడు యజమాని నాగేశ్వర్ ఎక్స్‌రే బొమ్మలు దాచే డిస్కుల పెట్టెకూ తడి పసుపు దట్టంగా అద్ది బొట్లు పెట్టాడు. పెట్టెలో డిస్కులు రెండు. పైదానిలో ఉన్నదే కిందిదానిలోనూ ఉంటుంది. ఏది పాడైతే దాని లైటు ఎర్రగా వెలగాలి. వెలిగింది కూడా, నాలుగు నెలలు, బొట్టు కింద. ఈ ఉదయం కరెంటు పోయి వచ్చాక పెట్టె కీచుమని మొత్తుకునేదాకా ఎవరికీ తెలియలేదు.

బెంచీ మీద మంగవ్వ దగ్గుతోంది. పసుపు కొమ్ములు పాలిష్ పట్టే చోట కూలి. ఇక్కడే తీసిన కొత్త ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చ కనబడింది. రెండేళ్ల కిందటి ఎక్స్‌రే తెమ్మన్నాడు నిజామాబాద్ డాక్టరు. మచ్చ అప్పుడూ ఇంతే ఉంటే మందులు, లేకుంటే సూదితో ముక్క తీయాలి. ఆ పాత బొమ్మ ఈ పెట్టెలో తప్ప మరెక్కడా లేదు.

నాగేశ్వర్ కొత్త డిస్కు తెచ్చి, కింది అర మీద చేయి వేశాడు.

"కిందిదే పోయింది శ్యామలమ్మా, మస్తు వేడిగుంది. గుంజుతున్న."

"పని చేసేదే వేడెక్కుతది సార్. చచ్చినది చల్లగుంటది. దాన్ని గుంజితే బొమ్మలన్నీ ఆగమైతయి, చెయ్యి తీయండి."

ఆమె తెర మీద డిస్కుల స్థితి తెరిచింది. డిగ్రేడెడ్, అంటే జంటలో ఒకటి పోయింది. పై డిస్కు ఫెయిల్డ్, కిందిది బాగానే ఉంది. అయినా నమ్మక, తడి దూదితో పై అర బొట్టు తుడిచింది. ఎర్ర లైటు.

"దేవునికి పెట్టిన బొట్టు తుడుస్తవా?"

"దేవునికి కాదు సార్, లైటుకు పెట్టిండ్రు."

పైది తీసి కొత్తది పెట్టారు. కిందిదాని నుంచి నకలు మొదలైంది.

"ఎంతయింది బిడ్డా?"

"నూటికి నలభై రెండు, మంగవ్వా."

"పసుపు ఉడకవెట్టినా గింత సేపు వట్టది."

మధ్యాహ్నం దాటాక తెర మీద హెల్దీ అని వచ్చింది. "అయిపాయె, ఇగ పంపియ్యి" అన్నాడు నాగేశ్వర్. శ్యామల లేవలేదు. రెండు డిస్కులూ ఒకటేనని చెప్పే మాట అది; లోపలి బొమ్మ చెడలేదని చెప్పదు. మంగవ్వ పేరు వెతికి తెరిచింది. బొమ్మ పూర్తిగా వచ్చింది. మచ్చ అక్కడే ఉంది. కొలిచింది: తొమ్మిది మిల్లీమీటర్లు. ఇప్పటిదీ తొమ్మిదే. రెండూ డాక్టరుకు పంపింది.

"పెరగలేదు, మంగవ్వా. సూది అక్కర ఉండకపోవచ్చు. డాక్టరే చెప్పాలె."

మంగవ్వ మొహంలోకి సంతోషం రాలేదు.

"అంటే అప్పుడే ఉన్నదా? మరి నాకెవ్వరు చెప్పలె?"

బొమ్మ కిందనే ఆనాటి రిపోర్టు ఉంది. నార్మల్. టైపు చేసినవారు: శ్యామల.

"అప్పుడు మా రిపోర్టు డాక్టరు ఫోన్ల నార్మల్ అని చెప్పిండు, నేను టైపు కొట్టిన" అంది శ్యామల. "బొమ్మ తెరిచి చూడలేదు, మంగవ్వా."