కుట్టిన కన్ను

ఆమె రాయిని చక్రానికి ఆనించి, నీళ్ళలో ముంచి, ఎడమ కంటికి తగిలించుకున్న చిన్న భూతద్దంలోంచి అంచు చూసింది. కుడి కంటి రెప్పలు రెండూ కలిపి కుట్టేసి ఉన్నాయి. మధ్యాహ్నం అన్నం గంట కొడితే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇవాళ ఆ కన్ను తెరుస్తారు. పొద్దుటినుంచి ఆమె ప్రాణమంతా ఆ గంట మీదే ఉంది.

ఉంగరాల్లో పొదిగే రాళ్ళకు సానపట్టే షెడ్డు అది. చక్రాల మీద రేకు మూతలు ఉండాలి, ఉండవు. మూత ఉంటే రాయి అంచు కనబడదు. అంచు కనబడకపోతే పళ్ళెం నిండదు, పళ్ళెం నిండితేనే కూలి. అందుకని చేరిన రోజే ఎవరి మూత వాళ్ళు ఊడదీసి పీట కింద పెట్టుకుంటారు. యజమాని చూస్తాడు, చూడనట్టు పోతాడు. చక్రం పెచ్చు ఎగిరి ఆమె కింది రెప్పను చీల్చుకుపోయిన రోజున మాత్రం ఆయనకు ఎక్కడలేని చూపూ వచ్చింది.

"మూత తీసిందెవరమ్మా? నేనా?" అన్నాడు.

అయినా మొదటి ఆపరేషను ఆయనే చేయించాడు, నలుగురూ చూస్తుండగా. "మా పనివాళ్ళని కంటికి రెప్పలా చూసుకుంటాను డాక్టరమ్మా" అన్నాడు. రెప్ప ఊడిన మనిషి పక్కనే బల్లమీద పడుకుని ఆ మాట విన్నది.

కట్టు విప్పిన రోజు డాక్టరమ్మ అద్దం చేతికిచ్చి చెప్పింది.

"కింది రెప్ప చాలావరకు పోయిందమ్మా. పై రెప్ప లోపలి పొర కొంత కిందికి దించి అక్కడ కుట్టాను. దానిమీద చెవి వెనక చర్మం కప్పాను. కొత్త రెప్పకి పై రెప్ప నుంచే రక్తం అందాలి, అందుకే కన్ను మూసి ఉంది. అది నిలదొక్కుకున్నాక మధ్యలో కోస్తే తెరుచుకుంటుంది."

"లోపల కన్ను బాగానే ఉందా అమ్మా?"

"నిక్షేపంలా ఉంది."

ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్నాళ్ళూ గడిపింది. ఎండలో నిలబడితే మూసిన రెప్ప వెనక ఎర్రగా వెలుతురు తెలిసేది. రోజూ ఓసారి షెడ్డు బయటికి వెళ్ళి ఆ ఎరుపు చూసుకుని వచ్చేది.

షెడ్డులో ఆమెకు 'కుట్టుకన్ను' అని పేరు పడింది. భూతద్దంలోంచి చూసేవాళ్ళు రెండో కన్ను చిట్లించి మూసుకోవాలి, సాయంత్రానికి బుగ్గ పీక్కుపోతుంది. "నీకా తిప్పలు లేవే, డాక్టరమ్మే మూసిపెట్టింది" అని నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. యజమాని మాత్రం నవ్వలేదు. ఆమె పళ్ళెం అందరికంటే ముందు నిండుతోందని కనిపెట్టాడు.

గంట కొట్టింది. ఆమె చేతులు కడుక్కుని లేచింది. అదే షెడ్డులో రాళ్ళ పొట్లాలు కట్టే ఆమె భర్త ఎదురొచ్చాడు. వెనకాలే యజమాని.

"ఎక్కడికి అమ్మాయ్? రేపు సరుకు పోవాలి. కన్నెక్కడికీ పారిపోదుగా, తరవాత చేయించుకుందువుగాని."

"డాక్టరమ్మకి బదిలీ అయిందయ్యా. ఇవాళే ఆఖరు. ఆవిడ పోతే ఇక్కడ ఈ పని తెలిసినవాళ్ళు లేరు."

"లేకపోతే ఏం? ఒంటికన్నుతోనే ఇంత పని చేస్తున్నావు. రెండోది తెరిచి ఏం చూస్తావు?"

ఆమె భర్తకేసి చూసింది. అతను తన కాళ్ళకేసి చూసుకున్నాడు.

"నన్ను మేస్త్రీని చేస్తానన్నారే అయ్యగారు. కాస్త ఓపిక పట్టు. కన్ను పోలేదుగా, మూసుందంతే."

ఆపరేషనప్పుడు ఆసుపత్రి వరండాలో గుక్కపట్టి ఏడ్చినవాడితను. ఆ ఏడుపు అబద్ధం కాదు. ఈ మాటా అబద్ధం కాదు.

యజమాని ఆమె అరచేతిలో ఓ రాయి పెట్టాడు. "కూర్చో. ముందు ఇందులో పగులుందేమో చూడు."

ఆమె కూర్చుంది. భర్త ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె భూతద్దాన్ని ఎడమ కంటినుంచి తీసి, కుడి కంటి కుట్టు మీద పెట్టుకుని, ఎడమ కన్ను మూసేసింది.

"ఏమీ కనబడటం లేదయ్యా."

"ఆ కన్నుతో కాదే!"

"ఇది తెరిచాకే అది తెరుస్తాను."

పక్క సాన మీద పనిచేసే పెద్దావిడ చెయ్యి చాచి, ఇంకా తిరుగుతున్న ఆమె చక్రాన్ని ఆపింది. యజమాని ముఖం జేవురించింది. భర్త ఆమె భుజం పట్టుకుని కుదిపాడు.

"నీకు పుణ్యముంటుంది, కళ్ళు తెరువే!"

"ఇందాకటినుంచి నేను అడుగుతున్నదీ అదేనయ్యా" అన్నదామె.

పని గంట మళ్ళీ కొట్టింది. రెండు కళ్ళూ మూసుకుని, రాయి గుప్పిట్లో పెట్టుకుని, ఆమె అలాగే కూర్చుంది.