చెలమపువ్వు పూయని కార్తీకం

నాలుగంగుళాల పైపులోంచి మంచినీళ్లు ధారగా వచ్చి రొయ్యల చెరువులో పడుతున్నాయి. గట్టు కింద పర్రపేట ఆడవాళ్లు ముప్ఫై మంది ఖాళీ బిందెలతో నిలబడి చూస్తున్నారు. కాపలావాడు కర్ర అడ్డం పెట్టి ఎవర్నీ గట్టెక్కనివ్వడం లేదు. ఒక్క బిందె పట్టుకోనిమ్మని వీరవేణి బతిమాలింది. ఎండలకి ఉప్పుటేట్లో నీళ్లు మరీ ఉప్పెక్కిపోయాయనీ, మంచినీళ్లు కలపకపోతే రొయ్యలు చచ్చిపోతాయనీ, అయ్యగారు చూస్తే తన ఉద్యోగం పోతుందనీ వాడు చెప్పాడు. వాడి మాటలో అబద్ధం లేదు. రొయ్యలు చస్తే ఉద్యోగాలు పోతాయి. పేటలో పిల్లలు చస్తే ఎవరి ఉద్యోగమూ పోదు.

అది తొంభై అయిదు వేసవి. మొగల్తూరుకి దిగువన, ఉప్పుటేటికీ పేటకీ మధ్య మేటవేసిన ఇసుక నేల ఉంది, దాన్నే పర్ర అంటారు. సర్కారు కాగితాల్లో అది పనికిరాని బీడు. ఆ పనికిరాని బీడులోంచే మూడు తరాల ఆడవాళ్లు నీళ్లు తోడి పిల్లల్ని పెంచారు. చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా ఉప్పునీరే పడుతుంది. పర్రలో కొన్ని చోట్ల మాత్రం వాననీరు ఇసుక కింద మూడు మూరల లోతున తియ్యగా నిలుస్తుంది. ఎక్కడ నిలిచిందో చెప్పేది ఒక పువ్వు.

వేలెడు మొక్క అది. కార్తీకంలో మొలిచి గోరంత నీలిపువ్వు పూస్తుంది. ఫాల్గుణం వచ్చేసరికి గింజ రాల్చి ఎండిపోతుంది. పుస్తకాల్లో దానికేం పేరుందో గానీ పేటలో చెలమపువ్వు అంటారు. ఉప్పు తగిలితే మొలవదు. అది గుంపుగా పూసిన చోట తుమ్మపుల్లలు గుచ్చి గుర్తుపెట్టుకుని, పువ్వుకి బారెడు దూరంలో చెలమ తవ్వుతారు. పువ్వు మీద కాలు పెట్టరు, మేకల్ని పోనివ్వరు. వీరవేణికి ఇదంతా నేర్పింది ఆమె అత్త రత్తమ్మ. పేటకి ఇంకో కట్టుబాటు కూడా ఉంది. దాహమన్నవాడికి లేదనకూడదు.

ఆ రెండో కట్టుబాటే కొంప ముంచింది. రెండేళ్ల కిందట కార్తీకంలో, తెల్లబట్టల పెద్దమనిషి ఒకాయన జీపు దిగి, దాహంగా ఉందమ్మా అని వీరవేణి గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆమె చెంబుతో నీళ్లిచ్చింది. తాగి, ఈ ఉప్పు దిబ్బలో ఇంత మంచినీళ్లు ఎక్కడివమ్మా అని ఆశ్చర్యపోయాడు. తన పేట నీళ్లని ఒక పెద్దమనిషి మెచ్చుకోవడం ఆమె పుట్టాక అదే మొదటిసారి. సంబరపడిపోయి వెంటబెట్టుకుని వెళ్లి పువ్వుని చూపించింది. పుల్లలు గుచ్చిన ఏడు చోట్లూ చూపించింది. ఆయన చెప్పులు విడిచి మరీ నడిచాడు. ఇప్పుడు గట్టు మీద కాపలా ఉన్నవాడే ఆ రోజు ఆయన వెనకాల నడిచాడు. ఆయన పేరు హరిబాబు అనీ, పర్ర ఆయనకి చెరువుల కోసం లీజయిందనీ పేటకి తెలిసేసరికి, ఆ ఏడు చోట్లలో లోతైన చోట బోరు దిగింది. తరవాతి కార్తీకంలో పర్ర మీద ఒక్క పువ్వూ పూయలేదు. ఒక్కో చెలమా ఉప్పెక్కుతూ వచ్చింది.

ఆ చోటు ఎవరు చూపించారో వీరవేణి ఎవరికీ చెప్పలేదు.

గట్టు కిందినుంచి ఖాళీ బిందెలతో వచ్చిన వారం రోజులకి దేవకుమారి కూతురు పోయింది. ఏణ్ణర్థం పిల్ల. వాంతులు, విరోచనాలు. చెలమలన్నీ ఉప్పెక్కిపోయి మురుగుకాలవ నీళ్లు గుడ్డలో వడకట్టి తాగుతున్న రోజులవి. నరసాపురం ఆసుపత్రికి తీసుకెళ్లే బస్సు కోసం చూస్తూ చూస్తూండగా, రోడ్డు పక్కన తల్లి ఒళ్లోనే పిల్ల తల వాల్చేసింది. దేవకుమారి ఏడవలేదు. పిల్ల నోరు కొంగుతో తుడిచి, ఇంత మంచినీళ్లు పొయ్యండర్రా దీని నోట్లో అంది. పేట మొత్తంలో ఆ గుక్కెడు నీళ్లు లేవు.

పాతిపెట్టిన మర్నాడు పొద్దున్నే కూలి సంఘం నాయకుడు ఏసుపాదం చర్చి పాకలో మీటింగు పెట్టాడు. ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్లొచ్చిన సంగతి చెప్పాడు. ఇక్కడ మంచినీళ్లు ఉండేవనడానికి రుజువేంటని ఎమ్మార్వో అడిగాడట. పువ్వు పూసేదండి అంటే నవ్వాడట, పువ్వుని సాక్షిగా పిలవమంటారా అని. మిగిలిన పర్రలో కూడా చెరువులు తవ్వడానికి సోమవారం పొక్లెయిన్ వస్తోందట. పై ఇసుకంతా గోకి గట్టు పోస్తారట.

రత్తమ్మ లేచింది. ఆమెకి డెబ్బై దాటాయి.

"గింజ ఇసకలోనే ఉందర్రా. రెండేళ్లయినా చావదు. బోరు ఆగితే వానలకి ఉప్పు దిగుద్ది. ఇసకే గోకేత్తే ఇంకేం లేదు. మనం ఊరొదిలిపోవాల్సిందే."

కలెక్టరు దగ్గరికి పోదామన్నారు కొందరు. హరిబాబుగారి కాళ్లు పట్టుకుందామన్నారు ఇంకొందరు. అసలు బోరు సరిగ్గా నీళ్ల మీదే ఎలా పడింది, వాడికి ఆ చోటు చూపించిన పాపిష్టివాళ్లెవరు అని వెనకనుంచి ఎవరో అరిచారు. పాక గోలగోలైపోయింది. ఒకరి మొహం ఒకరు అనుమానంగా చూసుకున్నారు. పేట రెండుగా చీలిపోవడానికి ఆ ఒక్క మాట చాలు.

 వీరవేణి నోరు మూసుకుంటే గండం గడిచిపోయేదే. కానీ ఎదురుగా ఖాళీ ఒడితో దేవకుమారి కూర్చుని ఉంది.

"నేనే సూపిచ్చాను" అంది వీరవేణి. "దాహమన్నాడని నీల్లిచ్చాను. మన నీల్లు బాగున్నాయన్నాడని సంబరపడి సూపిచ్చాను. నన్నేం చేత్తారో చెయ్యండి."

 దేవకుమారి లేచి ఆమె మొహంలోకి ఒకసారి చూసి బయటికి వెళ్లిపోయింది. ఏసుపాదం లేచాడు. దాహానికి నీళ్లివ్వడం తప్పయితే పేటలో అందరం తప్పు చేసినట్టే అన్నాడు. ఆ నీళ్లు తాగి మన గొంతు కోసినవాణ్ణి వదిలేసి మనలో మనం కొట్టుకుంటే వాడికి కావలసిందీ అదే అన్నాడు.

సోమవారం తెల్లారేసరికి ఆడవాళ్లు బిందెలు తీశారు. ఆ పూట నీళ్ల కోసం కాదు. కాలవ గట్టున జిగురుమట్టి ముద్దలు చేసి బిందెల నిండా నింపుకుని నలభై మంది పైగా వరసగా నడిచారు. అందరికంటే ముందు వీరవేణి నడిచింది. ఆ చోటు ఆమె కాళ్లకి తెలుసు. కాపలావాడు ఆ వరస చూసి కర్ర కింద పడేసి పక్కకి తప్పుకున్నాడు. మోటారు ఆపారు. మగవాళ్లు పైపులు ఊడదీసి పడేశారు. ఒక్కొక్కరే బిందె వంచి మట్టిముద్దలు బోరులోకి జారవిడిచారు. దేవకుమారి తన వంతు ముద్దలు వేసి, ఖాళీ బిందెని చంకలో పిల్లలా పెట్టుకుని నిలబడింది. అప్పటికీ ఆమె వీరవేణి వైపు చూడలేదు.

పొక్లెయిన్ వచ్చేసరికి అందరూ పువ్వు పూసే చోట ఇసుకలో కూర్చుని ఉన్నారు. దాని వెనకాలే పోలీసు వ్యాన్లు వచ్చాయి. లేవమన్నారు, లేవలేదు. లాఠీలు లేచాయి. ఏసుపాదం కుడిచెయ్యి విరిగింది. రత్తమ్మ తలకి తగిలి ఇసుకలోకి ఒరిగిపోయింది. ఆమెని ఆసుపత్రికి పంపమని వీరవేణి ఎస్సై బూట్లు పట్టుకుంది. ఆయన కాలు విదిలించుకుని, ఏసుపాదాన్నీ నలభై ఒక్క మంది ఆడవాళ్లనీ వ్యాన్లలోకి ఎక్కించాడు.

స్టేషన్‌లో హరిబాబు కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఆడవాళ్లని వరండాలో నేల మీద కూర్చోబెట్టారు. వీళ్లంతా అమాయకులు, ఎవరో ఒకరు ఎగదోసి ఉంటారు, వాళ్లని పట్టుకుంటే చాలని ఆయన సలహా ఇచ్చాడు. ఎస్సైకీ ఆ లెక్కే నచ్చింది. ఒక్కరి మీద పెద్ద కేసు రాసి మిగతావాళ్లని బెదిరించి పంపేస్తే పేట చల్లారిపోతుంది.

"ముందు నడిచి బోరు చోటు చూపించిందెవరే? చెప్తే మిగతావాళ్లు ఇంటికెళ్లిపోవచ్చు" అన్నాడు ఎస్సై.

అదే మాట. పాకలో ఒప్పుకుంటే మనసు తేలికపడింది. ఇప్పుడు ఒప్పుకుంటే ఎన్నేళ్లు జైలో తెలీదు. అయినా వీరవేణి లేవబోయింది. భుజం మీద ఒక చెయ్యి పడి ఆమెని కిందికి నొక్కింది. దేవకుమారి లేచి నిలబడింది.

"నేనండి. చోటు సూపిచ్చింది నేనేనండి."

హరిబాబు కప్పు కింద పెట్టాడు. ఇది కాదండీ, చోట్లు తెలిసింది ఇంకొకావిడకి అని చెప్పబోయాడు. ఈలోగా మూల కూర్చున్న ఇంకో మనిషి లేచి, నేనండి అంది. ఆ పక్కది లేచింది. దాని వెనకది లేచింది. వరండాలో కూర్చున్నవాళ్లు ఎవరూ మిగల్లేదు. రైటరు పేర్లు రాస్తూ రాస్తూ కాగితం చాలక ఇంకోటి అడిగాడు. నలభై ఒక్క పేర్లు రాశాడు.

పేట మగవాళ్లు మంచం మీద మోసుకెళ్లిన రత్తమ్మ మూడో రోజున ఆసుపత్రిలో పోయింది. వీరవేణిని ఆఖరి చూపుకి కూడా పంపలేదు.

బెయిలొచ్చి వాళ్లు పేటకి చేరేసరికి కార్తీకం నడుస్తోంది. వీరవేణీ దేవకుమారీ తిన్నగా పర్రలోకి వెళ్లారు. పువ్వు పూయలేదు. ఉప్పు ఒక్క ఏటి వానలకి దిగేది కాదు. కానీ పొక్లెయిన్ కూడా దిగలేదు. చుట్టుపక్కల నాలుగు పేటల ఆడవాళ్లు అన్నాళ్లూ వంతులవారీగా వచ్చి ఆ ఇసుకలో కూర్చున్నారు. రత్తమ్మ చెప్పిన గింజ ఎలా ఉంటుందో వాళ్లెవరూ చూసి ఎరగరు. అయినా ఏడు చోట్లా తుమ్మపుల్లలు గుచ్చి ఉంచారు. చోట్లు ఎవరు చూపించారని వీరవేణి అడిగితే, బోరు కాపలావాడు చూపించాడని చెప్పారు.