రెక్కలారేదాకా

మా పిల్లి బుజ్జమ్మకు ఒళ్ళంతా పొగరు. నేను బడి నుంచి రాగానే ఒళ్ళో ఎక్కి కూర్చోవాలి. ఆ తరవాత నేను లేస్తే దానికి కోపం. ఇంట్లో నేనొక్కదాన్నే కాబట్టి, ఆ పెత్తనం నాకు ఇష్టంగానే ఉండేది. నిజం చెప్పాలంటే అదంటే నాకు ప్రాణం.

దానికి సీతాకోకచిలుకలంటే పిచ్చి. అంగలకుదురులో మా గేటు పక్కన జిల్లేడు చెట్టుంది. నారింజ రెక్కలకు నల్ల అంచున్న సీతాకోకచిలుకలు ఆ ఆకుల మీదే గుడ్లు పెడతాయి. అమెరికాలో మోనార్కులంటారే, వాటికి ఇవి చుట్టాలు. గొంగళిపురుగు కట్టుకున్న గూట్లోంచి బయటపడ్డాక రెక్కలారేదాకా పాపం ఎగరలేవు. బుజ్జమ్మ పంజా విసిరేది సరిగ్గా అప్పుడే. అందుకే గూడు నల్లబడి, లోపలిది బయటికొచ్చే రోజున బుజ్జమ్మను పెరటి గదిలో పెట్టి గడియ వేసేదాన్ని.

ఎదురింటి హైమావతి పిన్నిగారికి ఆ చెట్టు గిట్టదు. "ఇంటి ముందు జిల్లేడేంటి టీచరమ్మా? కొంపకు మంచిది కాదు, కొట్టించెయ్" అని ఒకటే పోరు. రథసప్తమి ముందురోజు మాత్రం నవ్వుకుంటూ వచ్చారు.

"తల మీద పెట్టుకుని స్నానం చెయ్యాలి కదమ్మా. పొద్దున్నే ఏడాకులు కోసుకుంటా."

"అలాగేనండి. గూళ్ళున్న ఆకులు మాత్రం ముట్టుకోకండి" అన్నాను. పిల్లి సంగతి చెప్పాలని తోచలేదు.

తెల్లారేసరికి ఒక గూడు నల్లబడింది. బుజ్జమ్మను గదిలో పెట్టి పాలప్యాకెట్టు కోసం వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గేటు బార్లా తీసి ఉంది. రోడ్డు మీద ఆటో ఆగి ఉంది. దాని ముందు చక్రం పక్కన బుజ్జమ్మ పడి ఉంది. పిన్నిగారు చేతిలో ఆకులతో దాని పక్కనే నిలబడి ఉన్నారు.

"లోపల ఒకటే ఏడుస్తోందమ్మా. పొరపాటున ఇరుక్కుపోయిందేమోనని గడియ తీశాను. ఒక్క ఉరుకున రోడ్డెక్కేసింది."

ఎత్తుకుంటే ఒళ్ళింకా వెచ్చగానే ఉంది. పెరట్లో గొయ్యి తీశాను. పిన్నిగారు స్నానం సంగతే మరిచిపోయి, నాతోపాటు మట్టి కప్పారు.

చేతులు కడుక్కుని ఇంటి ముందుకొచ్చాం. గూళ్ళున్న ఆకు ఒక్కటి కూడా ఆవిడ ముట్టుకోలేదు. కొత్త సీతాకోకచిలుక ఖాళీ గూటిని పట్టుకుని వేలాడుతూ రెక్కలు ఆరబెట్టుకుంటోంది.

పిన్నిగారు నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఊరుకో అమ్మా. ఇక వీటికి పిల్లి భయం లేదుగా" అన్నారు, ఓదార్పుగానే.

తిట్టడానికే నోరు తెరిచాను. ఏడుపొచ్చింది.