తోడుంటేనే అందే వంతెన

అంబాజీపేట దగ్గర కాలువగట్టు మీద కొబ్బరి షెడ్డులో తెల్లారకముందే కాయల ఒలుపు మొదలవుతుంది. ఒలిచేది ఒరిస్సా నుంచి వచ్చిన నకుల్ ముఠా. ఒకరు లేస్తే వరస చెడుతుందని, ఒళ్ళు కాలిపోతున్నా రెండోవాళ్ళని తోడు రమ్మనడం వాళ్ళకి అలవాటు లేదు.

కాలువకి అవతల సర్కారు ఆసుపత్రి. మధ్యలో కొబ్బరి మొద్దుల వంతెన. తోడుతో వచ్చినవాళ్ళకి అది అవతలి గట్టుదాకా సాగుతుంది. ఒంటరిగా వచ్చినవాళ్ళకి సగంలోనే ఆగిపోతుంది. ఊళ్ళో ఎవరూ దీన్నొక వింతగా చెప్పుకోరు. పన్ను నొప్పికి కూడా పక్కింటి పిన్నిగారిని వెంటబెట్టుకెళ్ళే మనుషులకి చెప్పుకునే అవసరమేం వస్తుంది?

ముఠాలో మినతికి నెలలు నిండుతున్నాయి. ఆ ఉదయం ఆమె కాళ్ళు పొంగి, తల పట్టుకుని కూర్చుంటే, షెడ్డులో పీచు ఎత్తే సుందరమ్మ చూసింది.

"ఆసుపత్రిలో చూపించుకున్నావా అమ్మాయ్?"

"వెళ్ళేనండి. వంతెన సగమే వచ్చింది. అది మీ ఊరివాళ్ళకే కదండీ."

"ఎవరితో వెళ్ళేవు?"

"ఒక్కదాన్నే. పని ఆగిపోద్ది కదండీ."

ఇన్నేళ్ళలో తోడుతో వెళ్ళాలన్న ఆ ఒక్క మాట వీళ్ళకి చెప్పాలని ఊళ్ళో ఒక్కరికీ తోచలేదు. సుందరమ్మ కొంగు బిగించి మినతిని లేవదీసింది. మినతి కళ్ళు మసకబారి తూలిపోయింది. నకుల్ చేతిలో కాయ కింద పెట్టేసి పరుగున వచ్చాడు. వెనకాలే ముఠా అంతా లేచింది. షెడ్డు ఓనరు సూర్యప్రకాశరావుగారు ఒలవాల్సిన కాయల వంక ఒకసారి చూసి, తనూ చెప్పులు తొడుక్కున్నారు.

అంతమంది కాళ్ళ కింద వంతెన అవతలి గట్టు దగ్గర కూడా ఆగలేదు. రోడ్డు దాటి, ఆసుపత్రి మెట్లెక్కి, మంచం పక్కదాకా వెళ్ళింది.

"బీపీ బాగా పెరిగిపోయిందండి. ఇంకాస్త ఆలస్యమైతే తల్లీబిడ్డా దక్కేవారు కాదు," అంది నర్సమ్మ, కాళ్ళకి అడ్డొచ్చిన మొద్దు దాటుకుంటూ. సాయంత్రానికి మగపిల్లాడు పుట్టాడు.

పిల్లాడు పాకే వేళకి సుందరమ్మకి ఆయాసం పట్టుకుంది. కోడలు పుట్టింట్లో ఉంది. సుందరమ్మ గట్టు మీద ఒక్కతే నిలబడి సగం వంతెన వంక చూస్తోంది.

"ఒక్కరే ఎక్కడికండి పిన్నిగారూ? నేనొస్తున్నానుండండి," అంటూ మినతి పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చేసింది.

వంతెన సాగింది. ఆసుపత్రిలో చీటీ రాసే అతను, కూడా ఎవరొచ్చారని అడిగాడు.

సుందరమ్మ ఆయాసంలోనే తలెత్తి చెప్పింది. "మా అమ్మాయండి."