దుప్పటి మీద మరక

ఆరిన దుప్పటిని వదిన బల్ల మీద పరిచింది. కిటికీ వైపు ఒకసారి, గోడ వైపు ఒకసారి లాగి చూసింది. నడిమధ్యన టీ ఒలికినట్టు లేత మరక. దుప్పటిని ఉండచుట్టి మళ్ళీ ఉతికే బుట్టలో పడేసింది. పొద్దుటి నుంచీ ఆ బుట్ట నిండుతూనే ఉంది.

ఆ లాండ్రీకి పెద్ద హోటళ్ళ గుడ్డలు వస్తాయి. వాటిలో మరకలున్నవి ఏరడం ఆమె పని. పక్క బల్ల దగ్గర మడతలు పెట్టేది ఆమె ఆడపడుచు కావడంతో ఆ పిలుపే అందరికీ అంటుకుని, ముసలీ ముతకా కూడా ఆమెని వదిన అనే అంటారు. ఇన్నేళ్ళలో ఆమె ఒకరితో మాట పడలేదు, ఒకరి మెప్పూ పొందలేదు. ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ అలంకారానికే. ఉన్న ఒక్క కుడికంటితో ఉద్యోగం, సంసారం నెట్టుకొచ్చింది. ఆ కంటికి శుక్లం తీయించుకున్నాక, తెలుపంటే ఇంత తెల్లగా ఉంటుందా అని దుప్పట్ల ముందు నిలబడి చిన్నపిల్లలా నవ్వింది.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. తర్వాత కన్ను కాస్త ఎర్రబడింది. లోపల సలుపు, చూపుకి అడ్డంగా పొగ. ఆపరేషనప్పుడు ఇచ్చిన చుక్కల మందు సీసా అడుగున మిగిలి ఉంటే వేసుకుంది. తగ్గింది. మళ్ళీ వచ్చింది, అలాంటి సీసానే మందుల షాపులో కొని మళ్ళీ వేసుకుంది. డాక్టరు ఏం చెబుతాడోనన్న భయం ఆమెది. దానికి ఆమె ఓపిక అని పేరు పెట్టుకుంది.

"హోటలు వాళ్ళ మీద కోపమా వదినా? మంచి దుప్పట్లన్నీ వెనక్కి పంపేస్తున్నావు," అంది ఆడపడుచు.

"సరిగ్గా చూడు. ఇంత మరక కనబడటం లేదూ?"

ఆడపడుచు వంగి చూసింది. నవ్వబోయి ఆగిపోయింది.

"అక్కడేం లేదు వదినా."

వదిన చూపు పక్కకి జరిపింది. మరక కూడా జరిగింది. తలెత్తి సున్నం గోడ వైపు చూసింది. అక్కడా ఉంది. కన్ను మూసి తెరిచి, "గోడ మీద కూడా ఉంది," అంది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"చుక్కలేస్తే తగ్గేది. ఈసారి తగ్గట్లేదు."

"మా అన్నయ్యకి చెప్పావా?"

"చెబితే ఇల్లు పీకి పందిరేస్తాడు."

ఆడపడుచు ఆమె చెయ్యి పట్టుకుని బయల్దేరదీసింది.

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ చాలాసేపు దీపం వేసి చూసింది. "ఆపరేషన్లో పెట్టిన లెన్సు వెనక క్రిములు చేరాయమ్మా. నెలల తరబడి నక్కి ఉండి మెల్లగా పెరుగుతాయి. మీరేసుకున్న చుక్కలు వాపుని అణిచాయి గానీ వాటిని చంపలేదు. లోపల శుభ్రం చేసి మందు ఎక్కించాలి. లెన్సు తీసేయాల్సి రావచ్చు. ఇవాళే చేద్దాం."

"చూపు వస్తుందా?"

"ప్రయత్నిస్తాం. ఎంత మిగులుతుందో ఇప్పుడే చెప్పలేను."

"రెండోది పనికిరాదు డాక్టరమ్మా," అంది వదిన, ఇంట్లో పాడైన సామాను గురించి చెప్పినట్టు.

ఆపరేషన్ గది గుమ్మంలో నర్సు చెప్పులు విప్పమంది. వదిన విప్పి, "మీ అన్నయ్యకి మెల్లగా చెప్పు, కంగారు మనిషి," అని లోపలికి వెళ్ళింది. తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.

పొద్దున తాను వేళాకోళమాడినందుకు ఆడపడుచుకి ఏడుపొచ్చింది. ఎవరూ తొక్కకుండా చెప్పులు పక్కన పెడదామని వంగింది. దారంతా చెయ్యి పట్టుకుని నడిపించిన తను కూడా వాటిని గమనించలేదు. ఒకటి వదిన నీలం చెప్పు. రెండోది ఎర్రది, లాండ్రీ గుమ్మంలో ఇంకెవరో విడిచింది.