బూడిద రంగు అక్షరాలు

దుర్గాశ్రీనివాస్‌కి రొయ్య గురించి తెలిసిందల్లా వేపుడొక్కటే. అయినా రొయ్యల రైతుల కోసం హైదరాబాదులో ఓ కంపెనీ తయారుచేస్తున్న యాప్‌కి ఆయనే పెద్ద. ఆ యాప్ తెర మీద ఏది ఎక్కడుండాలి, ఏ రంగులో ఉండాలి, వేలితో నొక్కాలా జరపాలా అన్నది తేల్చే డిజైన్ టీముకి పద్మశ్రీ లీడరు. ఆమె కింద ఆరుగురు పనిచేస్తారు. పుట్టిల్లు కోనసీమలో కొత్తపేట కావడంతో ఆ రైతుల సంగతి తనకి తెలిసినంతగా ఆఫీసులో ఇంకెవరికీ తెలియదని ఆమె నమ్మకం.

విడుదలకి ముందు రైతుల చేత ఒకసారి వాడించి చూద్దామని ఆర్నెల్లుగా పోరితే, చివరికి దుర్గాశ్రీనివాస్ సరేనన్నాడు. టీముని అమలాపురం తీసుకొచ్చి ఓ హోటల్లో ఏసీ హాలు తీసుకున్నాడు. రైతులంటూ నలుగురు వచ్చేరు. మడత నలగని తెల్ల చొక్కాలు, జేబులో రెండేసి ఫోన్లు. రొయ్యల మేత అమ్మే డీలర్లని పద్మశ్రీ చూడగానే పోల్చుకుంది. చెరువు గట్టు దాకా కారులో వెళ్ళి, చెప్పులకి బురదంటుతుందని అద్దం దించి మాట్లాడే రకం.

"ఈ స్క్రీను సులువుగా ఉందాండీ?" అనడిగేడు దుర్గాశ్రీనివాస్.

"ఆయ్."

"రంగులు బావున్నాయాండీ?"

"ఆయ్, బావున్నాయండి."

ఆయన ప్రతి ఆయ్‌కీ ఓ టిక్కు పెట్టుకున్నాడు. ఇక్కడ ఆయ్ అంటే మీ మాట వినపడిందండీ అని మాత్రమే. పిలిచి పెసరట్టు ఉప్మా పెట్టిన మనిషిని కాదనడం ఈ నేల మీద ఎవరికీ చేతకాదు. ఆ సంగతి కూడా తెలియని మనిషి, టిఫిన్లయ్యేసరికి నూటికి నూరు శాతం సంతృప్తి అని తేల్చేశాడు.

"చూసేవా పద్మా, ఊరికే కంగారు పడ్డావు."

"వాళ్ళకి చెరువుల్లేవండి."

"ఉన్నవాళ్ళతో రోజూ మాట్లాడతారుగా. అదీ ఇదీ ఒకటే."

మర్నాడు పొద్దున్నే ఆయన్ని హోటల్లో వదిలేసి, పద్మశ్రీ తన టీములో పిల్ల ప్రసన్నని వెంటబెట్టుకుని కాట్రేనికోన వెళ్ళింది. ప్రసన్నది బండారులంక, నేతపని వాళ్ళ ఇల్లు. దారిపొడుగునా ఆ పిల్ల ముక్తసరిగానే మాట్లాడింది.

అక్కడ సత్యవేణి రెండు చెరువులు ఒక్కతే చూసుకుంటోంది. భర్త కువైట్‌లో ఉన్నాడు. మోకాళ్ళ దాకా చీర ఎత్తికట్టి, నీళ్ళలోంచి చెక్ ట్రే పైకి లాగుతోంది. అదో వల పళ్ళెం. వేసిన మేత రొయ్యలు తిన్నాయో వదిలేశాయో అందులో చూసుకోవాలి. చూసింది యాప్‌లో ఎక్కించాలన్నది కంపెనీ ఆలోచన.

పద్మశ్రీ ఫోనిచ్చింది. సత్యవేణి పమిట చెంగుకి చెయ్యి తుడుచుకుని అందుకుంది. ఎండలోకి పట్టి చూసింది, కొబ్బరిచెట్టు నీడకి జరిగి చూసింది.

"అంతా తెల్లగా ఉందండి. ఇందులో ఏవన్నా ఉందాండీ?"

"అక్షరాలున్నాయి అక్కగారూ. కింద బొత్తాన్ని పక్కకి జరపాలి."

సత్యవేణి జరిపింది. తడి వేలికి అది కదల్లేదు. మళ్ళీ జరిపితే సగం దాకా వచ్చి వెనక్కి పోయింది. మూడోసారీ అంతే.

"మీరెంతో కష్టపడి చేసేరు. మా చేతులే బాలేవండి," అని మర్యాదగా తిరిగిచ్చేసింది. తన ఫోను తీసి భర్తకి వాయిస్ మెసేజ్ పెట్టింది: "ఒకటో చెరువులో ట్రేలన్నీ ఖాళీ అండి. రెండోదాన్లో సగం మిగిలింది, మధ్యాహ్నం మేత తగ్గిస్తాను." పది సెకన్లు పట్టలేదు. ఏడుగురు కూర్చుని ఏడాదిగా చెక్కుతున్న పని.

పద్మశ్రీకి తల కొట్టేసినట్టయింది. తెల్ల తెర మీద అక్షరాలకి లేత బూడిద రంగు పెట్టింది దుర్గాశ్రీనివాస్ కాదు, తనే. ఎండలో కనపడవేమోనండీ అని ఏడాది కిందటే ప్రసన్న అంది. "మీ బండారులంక చీరల రంగులు ఇక్కడ పనికిరావమ్మా," అంది తను, అందరి ముందూ. అందరూ నవ్వేరు కూడా. డీలర్ల చొక్కాలు చూసి వెక్కిరించుకున్న మనిషి, తను చెరువు గట్టు ఎక్కి ఎన్నేళ్ళయిందో ఒక్కసారీ లెక్కేసుకోలేదు. గురివింద గింజ నయం.

తిరుగుదారిలో అంది: "ఆ రోజు నువ్వు చెప్పిందే నిజం ప్రసన్నా."

"తెలుసండి," అంది ప్రసన్న, కిటికీలోంచి చూపు తిప్పకుండా.

ఆ సాయంత్రం హాల్లో చెరువు దగ్గర తీసిన వీడియో వేశారు. దుర్గాశ్రీనివాస్ పూర్తిగా చూడను కూడా లేదు. "ఈవిడ మన యూజర్ కాదు. మనది చదువుకున్న రైతుల కోసం."

"ఆవిడ బీకాం అండి," అంది ప్రసన్న.

ఆయన వినపడనట్టు పద్మశ్రీ వైపు తిరిగేడు. "తేదీ ఖాయమైపోయింది. డిజైన్ బావుందని సంతకం పెట్టెయ్."

"పెట్టనండి. అది బాలేదు. బాగులేకుండా చేసింది నేనే."

ఆయన జాలిగా ఓ చూపు చూసి, ఆ సంతకం తనే పెట్టుకున్నాడు.

విడుదల రోజున కంపెనీవాళ్ళు ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. వాళ్ళు అడిగితే కాదనలేక రైతులు యాప్ ఫోన్లో ఎక్కించుకున్నారు, తెరిచిన పాపాన పోలేదు. కంపెనీ కుర్రాళ్ళు అమలాపురం ఆఫీసులో కూర్చుని రైతులకి ఫోన్లు చేసి, ట్రేల వివరాలు చెప్పించుకుని, వాళ్ళే యాప్‌లో ఎక్కించారు. దాన్నే దుర్గాశ్రీనివాస్ గ్రాఫులు గీసి వాడకం పెరిగిందని చూపించేడు. మూడు నెలలకి, అన్ని చెరువుల వివరాలూ ఒక్క భవనంలోంచే వస్తున్నాయేమిటని పైవాళ్ళు అడిగేరు. అడిగి, ఆయన్ని పాడి రైతుల యాప్‌కి పంపేరు, ప్రమోషన్ మీద. ఇక గేదెల వంతు.

యాప్ మళ్ళీ మొదటి నుంచి చెయ్యమని పద్మశ్రీకి చెప్పేరు. ఆ పనికి ఆమె ప్రసన్నని పెద్దగా పెట్టింది. చీరల రంగుల గురించి తను అన్న మాటని ఉన్నదున్నట్టు రాసి, అది తప్పని టీమందరికీ మెయిల్ పెట్టింది. రెండు రోజుల తర్వాత ప్రసన్న దగ్గర్నుంచి పని గురించి మాత్రం ఒక మెయిల్ వచ్చింది: "మంగళవారం ఎనిమిదింటికి కాట్రేనికోన వెళ్తున్నాం. మీరూ రావచ్చండి. కానీ అక్కడ మీరేమీ వివరించద్దు."

పద్మశ్రీ సరేనని రాసి, సోమవారం రాత్రి బస్సుకి టిక్కెట్టు తీసుకుంది.