ఇస్లాండు చేను

గుంటగలగరాకు, బొగ్గుపొడి కలిపి నూరిన ముద్దను పాత గుడ్డకు అద్దుకొని, కృపమణి నల్లబల్లను పైనుంచి కిందికి ఒకసారి, అడ్డంగా ఒకసారి రుద్దింది. అది ఆరేలోపల బడి ఊడ్చింది. బండల సందుల్లో చేరిన మట్టిని చీపురు కొసతో కెలికి తీసింది. నడుము ఎత్తేసరికి రొమ్ములో ఏదో పట్టేసినట్టయి, గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. ఈ మధ్య అట్లా అవుతోంది. ఊపిరి కుదుటపడ్డాక కళ్లద్దాలు తుడుచుకొని, సుద్దముక్క తీసుకొని, బల్ల మీద ఆనాటి తేదీ ఇంగ్లీషులో రాసింది. గుండ్రంగా, కుట్టుపనిలా ఉంటాయి ఆమె అక్షరాలు.

తెల్లగుండ్లపల్లెలో మిషను వాళ్ల బడి అది. ఆత్మకూరు నుంచి బండిబాటన వస్తే ఊరికి ముందే తగులుతుంది. నాపరాళ్ల గోడలు, బోద కప్పు, ముందర ఒక వేపచెట్టు. ఆమె భర్త పెద్దన్న ఉపదేశిగా వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి తెరిచారు దాన్ని. ఆయన పోయి పద్నాలుగేళ్లయింది. అప్పటినుంచి ఐదు తరగతులకూ ఆమె ఒక్కతే. బిడ్డలు లేరు. యాభైమూడేళ్ల మనిషి, పొట్టిగా, సన్నగా, ఎప్పుడూ అంచు లేని తెల్ల చీరలో ఉంటుంది. కుడిచేతి రెండు వేళ్లు సుద్దకు పగిలి, వేసవిలో కూడా మానవు.

మూడో తరగతి దాటినవాళ్లకు ఆమె ఇంగ్లీషు చెబుతుంది. చెప్పమని ఎవరూ అనలేదు. రైతుల పిల్లలు, కూలోళ్ల పిల్లలు తాలూకా కచేరీలో కాగితం చూసి బిత్తరపోకూడదని ఆమే మొదలుపెట్టింది. ఆమెకొచ్చిన ఇంగ్లీషు కర్నూలు బోర్డింగులో ఒక దొరసాని నేర్పింది. కృపమణికి పదహారో ఏడు నడుస్తుండగా ఆ దొరసాని జబ్బుచేసి ఓడెక్కి వెళ్లిపోయింది. ఆ తరువాత కృపమణి చెవిన ఇంగ్లీషు పడింది తక్కువ. మిగిలిందంతా పుస్తకాల్లో కంటితో చూసి, తనకు తోచినట్టు పలుక్కొని నేర్చుకున్నదే.

ఆ పొద్దు ఇంగ్లీషు పాఠం నడుమలో వాకిట్లో బూట్ల చప్పుడైంది. పిల్లలంతా ఒక్కసారి మెడలు తిప్పారు. ఖాకీ నిక్కరు, ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి గడప అవతలే ఆగి, కాళ్లు దగ్గరికి చేర్చి సలాం కొట్టాడు.

"పంతులమ్మా, నేను ఏసన్నను."

ఆమె కళ్లద్దాలు సర్దుకుంది. పన్నెండేళ్ల కిందట ఇదే బండల మీద కూర్చొని, ముక్కు చీదుకుంటూ ఎక్కాలు చెప్పిన పిల్లవాడు. యుద్ధం మొదలైన మరుసటి ఏడు పట్టాళంలో చేరాడు. ఈజిప్టులో లారీలు తోలుతున్నాడని అతని తల్లి చెప్పగా వింది.

"ఎప్పుడొచ్చినావు నాయనా?"

"నిన్న మాపటేళ. పది దినాలు సెలవిచ్చినారు. ముందు మిమ్మల్ని చూసి పోదామని వచ్చినా."

కృపమణి ముఖం వెలిగింది. తన చేతి కింద చదివినవాడు సముద్రం దాటి పోయి, ప్రాణాలతో తిరిగివచ్చి, పిల్లల ముందర నిలబడ్డాడు. ఆమె వాచకం తెరిచి అతని చేతికిచ్చింది.

"ఈ పాఠం చదువు. బిడ్డలు విననీ."

ఏసన్న సిగ్గుపడుతూనే అందుకున్నాడు. వేలు పెట్టకుండా, తడుముకోకుండా చదివాడు. పిల్లలు నోళ్లు తెరుచుకొని విన్నారు. పడవ ఎక్కి ఐలాండుకు పోయారన్న వాక్యం రాగానే ముందు వరసలో కూర్చున్న గిడ్డమ్మ కిసుక్కున నవ్వింది. తొమ్మిదేళ్ల పిల్ల, రైతు బొజ్జన్న మనవరాలు.

"తప్పు! ఐలాండు కాదు, ఇస్లాండు!"

మిగతా పిల్లలు అందుకున్నారు. "ఇస్లాండు! చుట్టూ నీళ్లు, నడుమ నేల, ఇస్లాండు!"

ఏసన్న పుస్తకంలోంచి తలెత్తి పంతులమ్మను చూసి, వెంటనే చూపు దించేశాడు.

"అవునవును. నేనే తప్పు చదివినా. ఇస్లాండు," అన్నాడు. అంటూ ఎడమ చెవి తమ్మె పట్టుకున్నాడు.

చిన్నప్పుడు అబద్ధం చెప్పిన ప్రతిసారీ వాడు ఆ చెవే పట్టుకునేవాడు. కృపమణి అది చూసింది. చేతిలో సుద్దముక్క విరిగింది. పాఠం మాత్రం ఆపలేదు.

మధ్యాహ్నం పిల్లలు ఇళ్లకు పోయాక వేపచెట్టు కింది బండ మీద అతన్ని కూర్చోబెట్టింది. జొన్నరొట్టె విరిచి, ఉల్లికారం పెట్టి చేతికిచ్చింది.

"నిజం చెప్పు, ఏసన్నా. ఆ మాట ఎట్ల పలకాల?"

"ఎట్లయితే ఏముందిలేమ్మా."

"నేను అడుగుతాండా."

అతను రొట్టె పక్కన పెట్టాడు.

"ఎస్సు పలకరమ్మా. ఐలాండు అంటారు."

"నీకెట్ల తెలిసె?"

ఏసన్న చెప్పాడు. బొంబాయిలో ఓడెక్కిన మూడో రోజో నాలుగో రోజో దూరాన నీళ్ల నడుమ నల్లగా ఒక దిబ్బ కనిపించిందట. పుట్టి బుద్ధెరిగాక చూసిన మొదటిది. ఆపుకోలేక, అందరికంటే ముందు తానే చేయి చాపి "ఇస్లాండు! ఇస్లాండు!" అని అరిచాడట. పక్కనున్న తెల్ల సార్జంటు పొట్ట పట్టుకొని నవ్వాడు. ఆ పొద్దు నుంచి ఏడాదిపాటు పట్టాళంలో అతని పేరు ఏసన్న కాదు, ఇస్లాండు. సిపాయిలు కూడా అట్లాగే పిలిచారు.

"ఏడాదా?" అంది కృపమణి.

"ఇప్పుడంతా మరిచిపోయినార్లేమ్మా. మీరు చెప్పిన ఇంగ్లీషుతోనే నాకు లారీ ఇచ్చినారు. బోర్డులు చదవను వస్తుందని. లేకుంటే గాడిదలు తోలుకుంటా ఉందును."

ఆమె రొట్టె తినమని సైగచేసింది. ఇరవైరెండేళ్లుగా ఆ పాఠం చెబుతోంది. ఏటా ఫాల్గుణంలో వస్తుంది అది. సముద్రం మాట దేవుడెరుగు, నిండుగా పారే ఏరు కూడా చూడని పిల్లలకు ఆ మాట అర్థం కావడానికి, వాకిట్లో గుంత తవ్వించి, నడుమ మట్టికుప్ప పోయించి, ఒక్కొక్కరి చేత ఒక్కో చెంబు నీళ్లు తెప్పించి చుట్టూ పోయించేది. నలభై మట్ల లోతు బావిలోంచి చేదిన నీళ్లు. ఎన్ని చెంబుల నీళ్లు ఆ తప్పుమాట కోసం ఇంకిపోయాయో! నీళ్లు నేలలోకి దిగిపోయేలోగా పిల్లలు చప్పట్లు కొట్టి ఆ మాట అరవాలి. అందుకే ఆమె చెప్పినవాటిలో అన్నీ మరిచిపోయినవాళ్లు కూడా దాన్ని మాత్రం మరవలేదు.

మధ్యాహ్నం బడికి పిల్లలు రాగానే ఆమె బల్ల మీద ఆ మాట పెద్దగా రాసింది. వాళ్లవైపు తిరిగి నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"పొద్దున ఏసన్న తప్పు చదవలేదు. తప్పు నాది. ఇందులో ఎస్సు పలకగూడదు. ఐలాండు అనాల. నాకు తెలియక మీకు తప్పు నేర్పినా."

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పంతులమ్మకు తెలియనిది ఉంటుందన్న సంగతి వాళ్లు అంతకుముందు విని ఉండలేదు. గిడ్డమ్మ లేచింది.

"పలకనప్పుడు ఆ ఎస్సు ఎందుకుండాది, పంతులమ్మా?"

"నాకు తెలీదు బిడ్డా."

బడిలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. అన్నాక, భయపడినంత కష్టంగా లేదనిపించింది. గిడ్డమ్మే జవాబు వెతికింది.

"మా అవ్వోళ్ల నాయన మాదిరేమో. ఆయన మాట్లాడడు. ఊరికే ఇంట్లో ఉంటాడు."

అందరూ నవ్వారు. కృపమణి కూడా నవ్వి, "కానీండి, చెంబులు తెచ్చుకోండి," అంది. మళ్లీ గుంత తవ్వారు, మళ్లీ మట్టి పోశారు, నీళ్లు పోశారు. ఈసారి సరైన మాట అరిచారు. పాత మాట నాలుక మీదికి వచ్చినవాళ్లను పక్కవాళ్లు గిల్లారు.

బడి వదిలాక ఆమె ఇంటికి పోలేదు. చీర కొంగు తలమీద కప్పుకొని ఊళ్లోకి నడిచింది. ఊరు విడిచి వెళ్లినవాళ్లు పోగా, ఆ మాట నేర్చుకున్నవాళ్లు ఇంకా ఇరవైమంది దాకా ఊళ్లో ఉన్నారు. కొందరు బావి దగ్గర, కొందరు కళ్లాల్లో దొరికారు. ఒక్కొక్కరినీ ఆపి చెప్పింది. వాళ్లు గౌరవంగా తల ఊపారు. ముసలామెకు మతి చలించిందేమోనని ఒకరిద్దరు వెనుదిరిగి చూశారు.

ఈరక్క గడపలో కూర్చొని పత్తి గింజ తీస్తోంది. ఒళ్లో చంటిబిడ్డ. ఆ ఊళ్లో ఇంగ్లీషు అక్షరాలు దిద్దిన మొదటి ఆడపిల్ల ఈరక్క. నాలుగో తరగతి ముగియకుండానే పెళ్లిచేశారు. పంతులమ్మను చూసి లేవబోతే కృపమణి భుజం పట్టి కూర్చోబెట్టి సంగతి చెప్పింది.

"దీనికోసరం ఇంత దూరం నడిచి వచ్చినారా? నేనింక యాడ మాట్లాడబోతానమ్మా ఇంగ్లీషు?"

"నువ్వు మాట్లాడినా మాట్లాడకున్నా, నా నోటినుంచి పోయింది గదా. నేనే వచ్చి తీసుకోవాల."

ఈరక్క పత్తి పక్కన పెట్టింది. పెదవులు కదిపి మెల్లగా, "ఐలాండు," అంది. మళ్లీ అంది. పదేళ్ల తరువాత పాఠం అప్పజెబుతున్న ముఖం అది. "సరిగ్గా అంటినా?" అని అడిగింది. అన్నావని కృపమణి చెప్పగానే చిన్నపిల్లలా నవ్వి, లోపలికి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "రొంత కూచోండమ్మా, మీకు ఆయాసంగా ఉండాది," అంది. కృపమణి మజ్జిగ తాగి లేచింది.

బొజ్జన్న ఊరవతల చేలో ఉన్నాడని తెలిసింది. ఆమెకంటే రెండేళ్లే చిన్న. చదువుకునే వయసు దాటిపోయాక, కొడుకును బడికి తోలుకొచ్చి దింపుతూ వాకిట్లో నిలబడి పాఠాలు విన్నవాడు. ఇప్పుడు మనవరాలు గిడ్డమ్మను పంపుతున్నాడు. పొద్దు వాలుతుండగా నల్లరేగడి గట్టు వెంబడి ఆమె మెల్లగా నడిచింది. రెండుచోట్ల ఆగి గుండె మీద చెయ్యి పెట్టుకుంది. జొన్న కోసిన మోళ్ల నడుమ ఎద్దులను మేపుతున్న బొజ్జన్న ఎదురొచ్చాడు.

"ఏంది పంతులమ్మా, మీరు ఈడికి?"

ఆమె చెప్పింది. అతను తలపాగా తీసి తల గోక్కున్నాడు.

"అట్లయితే శానా చిక్కు వచ్చె గదమ్మా."

"ఏం చిక్కు?"

"మీరు నిలబడుండేది ఇస్లాండు చేన్లోనే గదా."

ఆమెకు అర్థం కాలేదు. బొజ్జన్న చెయ్యి చాపి చూపించాడు. చేను నడుమ ఎత్తుగా ఒక మిట్ట ఉంది. వానాకాలంలో చుట్టూ నల్లరేగడిలో నీళ్లు నిలిచిపోతే ఆ మిట్ట ఒక్కటే తేలుతుంది. కొడుకును దింపే రోజుల్లో బడి వాకిట్లో పిల్లల మట్టికుప్ప చూసి వచ్చి, బొజ్జన్న తన చేనుకు ఆ పేరు పెట్టుకున్నాడు. అతన్ని చూసి పక్క రైతులు అన్నారు. తరువాత ఊరంతా అంది. ఊరి బయట బడిలోనే ఉండే ఆమె చెవిన మాత్రం పడలేదు.

"కూలోళ్లను పిలిస్తే యాడికి అంటారు, ఇస్లాండు చేనికి అంటా. నా పెండ్లాం సంగటి తట్ట ఎత్తుకొని ఇస్లాండు చేనికే వస్తాది. తెల్లారి కాడి కట్టి, ఇస్లాండుకు పదండ్రా అంటే ఎద్దులు వాటంతటవే దారిబడతాయి. ఇప్పుడు వాటికి ఎట్ల మార్చి చెప్పేది?"

కృపమణి అతన్ని చూసింది. మిట్టను చూసింది. ఆమెకు నవ్వొచ్చింది. కళ్లనీళ్లు కారేదాకా నవ్వి, కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. ఏమిటో తెలియకపోయినా బొజ్జన్న కూడా నవ్వాడు.

"వద్దులే అప్పా," అంది. "ఇది ఇట్లే ఉండనీ. గిడ్డమ్మ మాత్రం పుస్తకంలో చూసినప్పుడు ఐలాండు అనాల."

"దానికి చెప్తాలేమ్మా. చేను నాది, పుస్తకం దానిది."

పొద్దుగుంకే వేళకు బొజ్జన్నే ఆమెను గట్టు దాకా సాగనంపాడు. ఇంటికొచ్చి దీపం ముట్టించి, సంగటి వండుకునే ఓపిక లేక, నీళ్లు తాగి, కిటికీ పక్కన పెట్టె మీద ఒక కార్డు పెట్టుకొని కాసేపు రాసింది. ప్రార్థన చేసుకొని మంచమెక్కింది.

మరునాడు పొద్దున బడి గంట మోగలేదు. పిల్లలు వేపచెట్టు కింద చాలాసేపు ఆడుకున్నారు. గుంతలో నీళ్లు ఎప్పుడో ఇంకిపోయాయి. ఆయాసం ఎట్లా ఉందో చూసిపోదామని వచ్చిన ఈరక్క తలుపు తోసింది. కృపమణి పక్కకు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకొని పడుకొని ఉంది. కళ్లద్దాలు తీయడం మరిచిపోయింది. ఈరక్క పిలిచింది, భుజం తాకింది, తరువాత అక్కడే నేలమీద కూలబడింది.

సాయంత్రం ఆమెను పెద్దన్న పక్కనే పూడ్చారు. ఏసన్న ఖాకీ బట్టలతోనే గుంతలోకి దిగి పెట్టెను అందుకున్నాడు. బొజ్జన్న మట్టి పోశాడు. పిల్లలు తోసుకోకుండా వరసగా నిలబడ్డారు.

ఇల్లు సర్దుతుంటే ఏసన్నకు కిటికీలో గులకరాయి కింద ఒక పోస్టుకార్డు కనిపించింది. ఆమె చేతిరాతే. ఒకప్పుడు ఇక్కడ చదివి, బొంబాయి మిల్లుల్లో పనికని పోయి మళ్లీ రాని సుంకన్నకు రాసింది. నీకు నేను ఒక మాట తప్పు చెప్పినాను నాయనా, నీళ్ల నడుమ ఉన్న నేల మాట, ఎవరన్నా నిన్ను చూసి నవ్వి ఉంటే ఆ తప్పు నాది అని తెలుగులో రాసి, దాని కింద ఆ మాటను ఇంగ్లీషులో పెద్దగా రాసి, రెండో అక్షరం చుట్టూ సున్న చుట్టింది. ఏసన్న కార్డు తిప్పి చూశాడు. రాజుగారి తల ముద్ర కింద ఆమె గుండ్రటి అక్షరాల్లో సుంకన్న, బొంబాయి అని మాత్రం ఉంది. వీధి పేరు రాయాల్సిన రెండు గీతలూ ఖాళీగా ఉన్నాయి.